రంగూన్‌కు వెళ్ళిన ఫొటో

ఆ ఒక్క ఫొటో మీదే అప్పాసామి బతుకంతా ఆధారపడి ఉంది.

కోవిల్‌పట్టి పత్తి రైతు దామోదరసామి కూతురు, ఇరవై ఏళ్ల వల్లియమ్మాళ్‌కు రంగూన్ సంబంధం వచ్చింది. పెళ్లికొడుక్కి అక్కడ బియ్యం మిల్లు. పిల్లను చూడటానికి ఓడెక్కి రాలేడు. ఫొటో పంపండి, నచ్చితే ముహూర్తం పెట్టుకుందాం అన్నాడు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో కెమెరా పట్టడం వచ్చినవాడు అప్పాసామి ఒక్కడే.

కబురు విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు. నాలుగో రోజు రైలెక్కి విరుదునగర్‌లో దిగాడు. అక్కడ స్టూడియో నడిపే పొన్నయ్య అతనికి పని నేర్పిన గురువు.

పొన్నయ్య ఉన్న సరుకంతా బల్ల మీద పరిచాడు. కెమెరాల మాటెత్తితే ఆయనకు పూనకమే.

“ఈ మడత కెమెరా ఉందే, దీనికి ఫిలిం చుట్ట. సంకన పెట్టుకొని పోవచ్చు. ఆరడుగుల లోపలికి పోతే మొకం అలుక్కుపోతుంది. ఈ చెక్కదానికి గాజు ప్లేటు. మోసేదానికి ఎద్దు కావాల. అయినా రెప్ప ఎంట్రుకలు లెక్కపెట్టొచ్చు.”

“మరి లెన్సు?”

“పొడుగు లెన్సు ఏసి దూరంగా నిలబడు, మొకం బొమ్మ మాదిరి వస్తుంది. ఈ వెడల్పు లెన్సు ఇల్లూ వాకిలీ తీసేదానికి. దీన్ని మొకం దగ్గరికి తీసుకుపోయినావో, ముక్కు ముందర వస్తుంది, మనిషి ఎనక వస్తుంది.”

“వెలుతురుకు కాల్చే మెరుపు పొడి?”

“పక్కన, ఎత్తులో కాల్చు. కింద నుంచి కాలిస్తే దెయ్యమే! ఇంకొకటి అప్పా. పసుపు పూసిన మొకం ఫొటోలో నల్లగా పడుతుంది. బాగా కడగమను.”

అప్పాసామి అన్నీ రెండేసిసార్లు అడిగి కాగితం మీద రాసుకున్నాడు. చెక్క కెమెరానూ రెండు లెన్సులనూ అరువు తీసుకున్నాడు. రైల్లో దారి పొడుగునా ఆ కాగితమే వల్లెవేశాడు.

తీరా ఫొటో రోజున పాపం ఏమైందో ఏమో, నేర్చుకున్నదంతా తలకిందులైంది.

“బొమ్మక్కా, పిల్లకు పసుపు ఇంకొంచెం పుయ్యి. లచ్చనంగా ఉంటుంది,” అన్నాడు వల్లియమ్మాళ్ తల్లితో. ఆవిడ సంబరంగా అరచేతినిండా తీసి పులిమింది. అప్పాసామి చెక్క కెమెరాకు వెడల్పు లెన్సు తగిలించాడు. దాన్ని పిల్ల ముక్కుకు మూరెడు దూరంలో నిలబెట్టాడు. మెరుపు పొడి పళ్ళెం నేల మీద పెట్టి అంటించాడు.

ఢమ్మంది. కోళ్ళు అటకెక్కాయి. దామోదరసామి తలపాగా ఊడిపడింది. పొగలోంచి వల్లియమ్మాళ్ కిలకిల నవ్వు వినిపించింది.

ఓడ టపాకు వేళ మించిపోతోందని అప్పాసామే కవరు అంటించి రంగూన్‌కు పంపేశాడు. ఇంటికిచ్చిన రెండో ప్రతి చూశాక గానీ దామోదరసామికి సంగతి తెలియలేదు. బొగ్గులాంటి మొహం. గుమ్మడికాయంత ముక్కు. కింద నుంచి వెలుగు పడి మిడిగుడ్లు.

నెల తిరిగేసరికి జవాబొచ్చింది. పెళ్లికొడుక్కి వేరే సంబంధం కుదిరిందట.

దామోదరసామి ఫొటో పట్టుకొని అప్పాసామి ఇంటి మీదికి వచ్చాడు. వెనకే బొమ్మక్క. ఆమె వెనక, నోట్లో కొంగు కుక్కుకొని వల్లియమ్మాళ్.

“ఏం పని చేసినావురా! ఊరంతా నవ్వుతుంది. ఇంక నా కూతుర్ని ఎవడు చేసుకుంటాడు?”

అప్పాసామి సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు.

“ఇంకెవడో ఏంటికి బావా, అక్క కూతురికి మేనమామను నేను లేనా?”