గోడకు ముందు తట్టే చెయ్యి

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ చివర కూర్చున్నవాళ్లకి కూడా వినపడాలి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఒక పిల్ల ఉండేది. పదహారేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. నీళ్లలో దిగితే మాత్రం ఆమెను పట్టుకునేవాళ్లు లేరు. అందరూ చేపపిల్ల అని పిలిచేవారు.

చూపు లేనివాళ్ల ఈతపందెంలో ఒక పద్ధతి ఉంది. ఈదేవాళ్లకి గోడ ఎప్పుడొస్తుందో తెలియదు కదా. అందుకని కొలనుకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు పొడవాటి కర్ర పట్టుకుని నిలబడతారు. కర్ర కొసకి మెత్తటి స్పాంజి బంతి ఉంటుంది. గోడ దగ్గర పడిందనగా దానితో తలమీద ఒక్కసారి తడతారు. ఆ తట్టు ముందే పడితే పందెం పోతుంది. ఆలస్యంగా పడితే తల పగులుతుంది.

చేపపిల్లకి ఈ చివర కోచ్ గారు నిలబడేవారు. ఆ చివర వాళ్లక్క.

"దేవుడు నాకు కళ్లివ్వలేదు గానీ, మా అక్క చెయ్యి ఇచ్చాడు," అనేది ఆ పిల్ల.

జట్టు ఎంపిక రోజునే అక్కకి జ్వరం వచ్చింది. మంచం దిగలేకపోయింది.

మొదటి ఇద్దరిలో నిలిస్తే జట్టులో చోటు. లేకపోతే పొద్దున్నే సాధనకిచ్చే గంట కూడా వేరే పిల్లలకి పోతుంది. అంటే ఇక నీళ్లే లేవన్నమాట.

"ఏమే చేపపిల్లా, ఇవాళ వలలో పడ్డట్టేనా?" పక్క వరుసలో ఈదే పిల్ల నవ్వింది.

"వల నీకే చుట్టి పంపిస్తా, ఆగు," అంది చేపపిల్ల. అందేగానీ, ఆ చివర ఎవరు నిలబడతారో ఆమెకే తెలియదు.

కోచ్ గారు వచ్చారు.

"అమ్మా, ఆ చివర ఈయన నిలబడతారు."

"ఎవరు సార్?"

"మన కొలను పలకలు తోమే ఆయన."

ఆ పిల్ల మొహం మాడిపోయింది. "పలకలు తోమే కర్రా, ఇదీ ఒకటేనా సార్? నా తల గోడకి కొట్టుకుంటే ఎవరిది పూచీ?"

"నా మాట విను. కావాలంటే తర్వాత నన్ను తిట్టుకుందువుగాని."

వేరే దారి లేదు. చేపపిల్ల గట్టుమీద మోకాళ్లూని, ఎప్పటిలాగే మెల్లగా ప్రార్థన చేసుకుంది.

"యేసయ్యా, బారల లెక్క నేను చూసుకుంటాను. ముందుకి తొయ్యడం నీ పని."

వెనకనుంచి ఒక ముసలి గొంతు వినపడింది. ఆ గొంతు ఆమెకు కొత్త.

"లెక్క కూడా నువ్వే చూసుకుంటే, ఆయనకి పనేం మిగిల్చావమ్మా?"

"నాకు మా అక్క చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తెలియదు తాతా. నీ తట్టుని నమ్మి తల పగలగొట్టుకోలేను. అందుకే లెక్క."

మాట పుల్లవిరుపుగా పడింది. ముసలాయన నొచ్చుకోలేదు.

"సరేనమ్మా. లెక్కపెట్టుకో. నా పని నేను చేస్తాను."

ఈల మోగింది.

కొలను నాలుగుసార్లు ఈదాలి. చేపపిల్ల బారలు లెక్కపెడుతూ వెళ్లింది. ముప్పై దాటింది. ముప్పై ఐదు. గోడ ఇక్కడే ఎక్కడో ఉంది. భయం మెడ పట్టుకుంది. చేతులు వాటంతటవే నెమ్మదించాయి. అటూ ఇటూ నీళ్లు చీల్చుకుంటూ అందరూ దాటిపోయారు.

అందరికన్నా వెనకబడింది.

అప్పుడు పడింది తట్టు.

నడినెత్తిన. మెత్తగా. తడబాటు లేకుండా. ఒక్కటే.

ఆ తట్టు ఆమెకు తెలియనిదా! అక్క! జ్వరంతోనే లేచి వచ్చేసింది!

చేపపిల్ల గిరుక్కున తిరిగింది. ఇక లెక్క లేదు. గోడ ఉందన్న మాటే మరిచిపోయింది. ఈ చివర కోచ్ గారు తట్టారు, తిరిగింది. మళ్లీ ఆ గోడవైపు వెళ్లేటప్పుడు ఒక్క బారైనా తగ్గించలేదు. మీదికి దూకినట్టు వెళ్లింది. అక్క ఉండగా భయమేంటి? మళ్లీ అదే తట్టు, అదే చోట.

ఆఖరుకి వేళ్లు గోడకి తగిలేసరికి కోచ్ గారి అరుపు వినపడింది.

"రెండో స్థానం! జట్టులో ఉన్నావే తల్లీ!"

రొప్పుతూ, నవ్వుతూ పైకొచ్చింది. "అక్కేది సార్? అక్కా! జ్వరమన్నావు, దొంగా!"

"అక్క ఇంట్లోనే ఉందమ్మా."

"ఊరుకోండి సార్. అక్క తట్టు నాకు తెలీదా?"

"ఆ చివర నిలబడింది ఆ ముసలాయనే అమ్మా," అన్నారు కోచ్ గారు. పిల్ల నవ్వు ఆగిపోయింది.

"తాతని పిలవండి సార్. ఒక్కసారి."

"వెళ్లిపోయారమ్మా. ఇవాళ్టితో ఇక్కడ ఆయన పని అయిపోయింది. నీ రెండో తట్టు పడ్డాక కర్ర గోడకానించి, గేటు దాటారు."

"ఏ ఊరు? పేరేంటి?"

"ఎప్పుడూ అడగలేదమ్మా. సిగ్గుగా ఉంది చెప్పడానికి."

ఇంటికి ఫోను కలిపి ఆమె చెవి దగ్గర పెట్టారు.

"అక్కా, నువ్వు రాకుండా నీ చెయ్యి ఎలా వచ్చిందే?"

అవతల అక్క ఏడుస్తోంది.

"మొదట్లో నీ నుదురు చిట్లింది చూడు, ఆ రోజు నేను రెండు షిఫ్టులు చేసొచ్చి నిలబడే తూగానే. మర్నాడు నా చేతిలోంచి కర్ర తీసుకున్నారు ఆ పలకలు తోమే ఆయన. నీ గుండె చెదురుతుందని చెప్పొద్దన్నారు. రెండేళ్లుగా నేను పక్కన కూర్చుని మాట్లాడుతున్నానంతే. నువ్వు నాదనుకున్న ఆ చెయ్యి ఈ రెండేళ్లలో ఒక్కరోజు కూడా నాది కాదే, ఆయనదే."

ఈ కథ మీ దగ్గరే అట్టేపెట్టుకోకండర్రా. ఎవరికైనా భయంతో చేతులు నెమ్మదిస్తుంటే, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి.