ఓడిలియా సీమపనస

ఆ సీమపనస చెట్టును నరికించింది మీరే. చిలుకలు కనబడకుండా అడ్డంగా ఉందని, మా డొమినికా దీవి వదిలి వెళ్తూ రిసార్టు అభిప్రాయాల పుస్తకంలో రాసింది మీరు కాదూ?

గొడ్డలి చప్పుడు విని ఓడిలియా పరుగెత్తుకొచ్చింది.

"ఆపండ్రా! నా కొడుకు జెర్వే బొడ్డుతాడు దీని కిందే పాతాను. ఇది వాడి చెట్టు!"

రిసార్టు మేనేజరు నవ్వాడు. "చెట్టుకింత రాద్ధాంతమా అత్తా? మీవాణ్ణే రమ్మను, వంద మొక్కలిస్తా."

"వాడు చేపలకెళ్లి మూడేళ్లు. సముద్రం శవాన్ని కూడా ఇవ్వలేదు. నేనిక ఎక్కడ కూర్చుని ఏడవాలి నాయనా?"

గొడ్డలి ఆగింది. చెట్టు అప్పటికే కూలిపోయింది.

మళ్లీ వస్తారుగా, మా డిమాండ్లు వినండి. మొద్దు పెకలించొద్దు. దానిమీద కూర్చుని ఫొటోలు దిగొద్దు. చిగురేస్తే తుంచొద్దు. ఆదివారాలు ఓడిలియా అక్కడ ఏడుస్తుంటే, చిలుకలు బెదురుతున్నాయని ఆమెను గెంటించొద్దు.