వ్యాన్‌లో చోటు

మిక్సీ మూత తీసి చూసి గురుమూర్తి తల పట్టుకున్నాడు.

మళ్లీ నీళ్లే. ఇది మూడోసారి.

"ఇది పచ్చడా, జ్యూసా?" అంది భార్య ప్రమీల. "స్ట్రా ఏసి ఇయ్యి మీ టర్కీ సారుకి."

పుంగనూరులో గురుమూర్తి మెస్ మూతపడి రెండు నెలలైంది. రేపు కుప్పంలో ఒక గ్రానైట్ కంపెనీకి టర్కీ నుంచి రాళ్లు కొనే ఆసామి వస్తున్నాడు. మధ్యాహ్నం భోజనంలోకి ఆయన ఒకటే అడిగాడట. వాళ్ల దేశపు కారం టమాటా సలాడ్. అది నచ్చితే కంపెనీ క్యాంటీన్ ఏడాది పాటు గురుమూర్తిది. నచ్చకపోతే వంటపాత్రలు అమ్ముకోవడమే.

మదనపల్లె మార్కెట్ నుంచి తెచ్చిన టమాటాలు అప్పుడే సగం అయిపోయాయి. ఫోన్‌లో వీడియో మళ్లీ పెట్టాడు. మధ్యలో కంపెనీ మేనేజరు హేమంత్ ఫోన్. కుదిరిందా అని అడుగుతాడని భయం. కట్ చేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాడు.

వాకిట్లో ఎవరో దగ్గారు.

అరవై దాటిన మనిషి. ఉతికిన నూలు చీర, చేతిలో గుడ్డసంచి.

"నాయినా, సారు చెప్పింటాడు కదా. నేనే."

గిన్నెలు కడగడానికి మనిషిని చూడమని స్కూలు సారు వెంకటమునికి పోయిన వారమే చెప్పి ఉన్నాడు గురుమూర్తి.

"చెప్పినాడులే. ఆడ కూర్చో."

ఆమె అరుగు మీద కూర్చుంది. మిక్సీ మళ్లీ మోగింది.

"మిక్సీ వద్దప్పా. దాన్ని కత్తితో నరకాల."

"ఏం, టర్కీ పోయొచ్చినావా?"

"టర్కీ పోలేదు. కువైట్‌లో ఉంటిని, ఇరవై ఏండ్లు."

"కువైట్ పోయొచ్చినోళ్లు మా ఈదిలోనే పదిమంది ఉండారులేమ్మా."

ఆమె నవ్వింది. కత్తి, చెక్క అడిగింది. ప్రమీల గడప దాటనివ్వకుండా వాటిని అరుగు మీదికే తెచ్చిపెట్టింది.

ఆమె టమాటాలు కోసి గింజలు తీసేసింది. ఉప్పు చల్లి, గుడ్డలో మూటగట్టి, నీళ్లన్నీ పిండేసింది. ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర కలిపి రెండు చేతులా కత్తి ఆడించింది. దంచిన ఎండుమిరప, కాస్త నూనె. చివర్లో సంచిలోంచి చిన్న సీసా తీసింది. అందులో ఏదో నల్లగా, చిక్కగా ఉంది.

"అదేం మందమ్మా?"

"దానిమ్మ రసం. నిన్న పొద్దంతా మరగబెట్టినా."

గురుమూర్తి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. మంట, పులుపు, వాటి వెనకాల సన్నటి తీపి. అచ్చం వీడియోలోలాగే గిన్నెలో కుప్పగా నిలబడి ఉంది.

"ఇది రుచికేనప్పా. రేపు ఆడికొచ్చి తాజాగా చేస్తా. వ్యాన్ ఎన్ని గంటలకి?"

"నీకు వ్యాన్ యాల? చోటు లేదు."

"గిన్నెల పక్కనన్నా కూర్చుంటా. ఒక్కసారి సూసి వచ్చేస్తా."

"ఏం సూస్తావు, రాళ్లా?"

ప్రమీల అడ్డొచ్చింది. "నీ పేరేంది? యాడుండేది?"

"హన్నా. మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి ఎనక."

ప్రమీల మొగుడి వైపు చూసింది. కులం ఎవరూ అడగలేదు. పేరు చెప్పాక అడగాల్సిన పనేముంది?

"సరేలేమ్మా. గిన్నెలు కడిగేదానికి వేరే మనిషి దొరికింది."

"గిన్నెలా?"

ఆమె ఇంకేదో చెప్పబోయింది. తను పట్టుకున్న కత్తిని ప్రమీల చీపురుతో పక్కకు తోయడం చూసి ఆగిపోయింది.

సీసా అరుగు మీద పెట్టింది.

"నాలుగు చెంచాలు ఏసుకోండి. మర్చిపోవద్దండి" అని బస్టాండు వైపు నడిచింది.

"బాగుండాది కదే" అన్నాడు గురుమూర్తి, గొణుగుతున్నట్టు.

"బాగుంటే? ఆమె చేతిదని తెలిస్తే రేపు మన క్యాంటీన్‌లో ఎవురు తింటారు?"

గిన్నెలోదీ సీసాలోదీ కుడితి తొట్టిలో పోశాడు. ఎనుము ఎవరి చేతిదని అడగలేదు. తాగేసింది.

తెల్లారి మిగిలిన టమాటాలు మిక్సీలోనే తిప్పారు. ప్రమీల ఆవాలు, కరివేపాకు వేసి తిరగమోత పెట్టింది.

"యా దేశమోళ్లయినా, పోపు లేకుండా ఎట్ల తింటారు?"

కుప్పంలో వ్యాన్ ఆగగానే ఆఫీసులోంచి ఒక తెల్లటి మనిషి పరుగున వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. గురుమూర్తి నవ్వుతూ చెయ్యి చాపాడు. అతను ఆ చెయ్యి చూడలేదు. వ్యాన్ వెనక తలుపు తనే లాగి లోపలికి తొంగిచూశాడు.

గిన్నెలు తప్ప ఏమీ లేవు. పక్కన ఇద్దరు కూర్చునేంత చోటుంది.

భోజనం దగ్గర అతను ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఆవగింజ పంటి కింద చిట్లింది. చెంచా కింద పెట్టేశాడు.

హేమంత్ గురుమూర్తిని పక్కకు లాగాడు.

"నిన్న ఫోన్ ఎత్తలేదు యాల? ఒకామెని పంపినా. వంట ఆయమ్మ చేస్తాది, వ్యాన్‌లో పిల్చుకొని రా అని చెప్దామంటే కట్ చేస్తావు! యాడ ఆమె? సారు ఇంకో గంటలో బెంగళూరు ఎయిర్‌పోర్టుకి పోవాల."

గురుమూర్తి వ్యాన్ ఆగి ఉన్న వైపు చూశాడు.

ఆ టర్కీ మనిషి లేచి దగ్గరికి వచ్చాడు. పొద్దున్నుంచి ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క మాట్లాడనివాడు, అచ్చం మదనపల్లె యాసలో, తప్పిపోయిన పిల్లాడిలా అడిగాడు.

"మాయమ్మ యాడప్పా? కువైట్‌లో నన్ను ఎత్తుకొని సాకిన హన్నమ్మ... ఆయమ్మని సూసేదానికి కాకుంటే, ఇంత దూరం రాళ్లకొస్తానా?"