అవతలి వైపు తలుపు

"ఈ డొక్కు కారు ఇవాళ గుమ్మం దాటాల్సిందే," అన్నాడు పెద్దాయన, వరండాలో పడక్కుర్చీలోంచి కదలకుండానే. "కొత్తవి చూశావా? మీట నొక్కితే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. వెనక్కి తీస్తుంటే బొమ్మ చూపిస్తుంది. దారి తప్పితే చెబుతుంది."

"దారి తప్పితే చెప్పడానికి నేను లేనా?" అంది భార్య. "దీనికేం తక్కువ? ముప్పై ఏళ్ళుగా తిరుగుతోంది."

"తిరిగేది నేను, దాని చుట్టూ. ఎక్కడ ఆపినా దిగి, అవతలి వైపుకొచ్చి నీ తలుపు తియ్యాలి. లోపలి పిడి పనిచెయ్యదాయె. వానలో తీశాను, మోకాళ్ళు పట్టేసినప్పుడూ తీశాను. ఇక నా వల్ల కాదు. ఏదీ నా కళ్ళజోడు?"

"నెత్తి మీదుంది."

మంచినీళ్ళు కూడా ఆవిడ చేతికందిస్తేనే తాగే రకం ఆయన. స్టీరింగు మాత్రం ఇంకొకరి చేతికిచ్చిన పాపాన పోలేదు. పక్క సీట్లో ఆవిడ తప్ప ఎవరూ కూర్చున్నదీ లేదు.

పాత కారు తీసుకుని కొత్తది ఇచ్చే షోరూం మనిషి వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు, టైరు తన్ని చూశాడు. హారన్ కొడితే ఎదురింటి కుక్క లేచి కూర్చుంది.

"రేకు గట్టిది సార్. కొత్తవాటికి మోచెయ్యి ఆనిస్తే సొట్ట. ఇలాంటివి ముచ్చటపడి దాచుకునేవాళ్ళున్నారు. తీసుకుంటాం."

ఆవిడ వరండా దిగి కారు దగ్గరికొచ్చింది.

"దాచడం నాకు చేతకాదు," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచే. "అవతలి వైపు లోపలి పిడి తిరగదు. ఏమే, కారు కాగితాలు పట్రా."

"ఎక్కడ పెట్టారో నాకేం తెలుసు? మీరే వెతుక్కోండి."

పెళ్ళయ్యాక అలాంటి మాట వినడం అదే మొదలు. ఆయన కుర్చీలోంచి లేచి లోపలికెళ్ళాడు. పిడి సంగతి చూద్దామని షోరూం మనిషి ఆ సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు.

పావుగంటకి పెద్దాయన కాగితాలతో పాటు సొరుగు కూడా పట్టుకొచ్చాడు. షోరూం మనిషి కారులోనే చెమటలు కక్కుతున్నాడు. ఆవిడ తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది.

పెద్దాయన ఆవిణ్ణి పక్కకి జరిపి తలుపు తీశాడు.

"లాభం లేదు సార్," అన్నాడు షోరూం మనిషి నేల చూపులు చూస్తూ. "పిడి బిగుసుకుపోయింది. సామాను దొరకదు. మావాళ్ళు ఒప్పుకోరు."

"నా ఖర్మ," అంటూ పెద్దాయన వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ షోరూం మనిషిని గేటు దాకా సాగనంపింది.

"అమ్మా," అన్నాడతను గొంతు తగ్గించి. "పిడి తిప్పగానే తలుపు ఇట్టే తెరుచుకుంది. మీరేమో నన్ను మళ్ళీ లోపలికి తోసి, దణ్ణం పెట్టారు. అబద్ధమాడి బేరం పోగొట్టుకున్నాను. ఇప్పుడైనా చెప్పండి, ఎందుకిదంతా?"

వరండాలోంచి "ఏమే, మంచినీళ్ళు" అని కేక వినబడింది. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఆయన లేచొచ్చి నాకోసం చేసే పని అదొక్కటే బాబూ."