కల్నల్ గారి వినయం

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం పైన్‌బరోలో అడుగుపెట్టిన రోజున కల్నల్ లూషియస్ టార్ప్లీ గారికి ఎక్కడలేని వినయం పుట్టుకొచ్చింది.

అంతకుముందు ఆయనకి ఆ జబ్బు లేదు. ఆయన వాదిస్తుంటే జార్జియా కోర్టుల కిటికీలు అదిరేవి. శాసనసభలో యుద్ధం కావాలని అందరికంటే ముందు లేచి అరిచిందీ ఆయనే. ఊరి కుర్రాళ్ళు సైన్యానికి బయలుదేరినప్పుడల్లా కోర్టు మెట్ల మీద నిలబడి, "వెనక్కి చూడకండి నాయనా, మీ వెనక నేనున్నాను" అనేవారు.

మాట నిలబెట్టుకున్నారు కూడా. చాలా వెనక ఉన్నారు.

మహాలా టీస్లీకి భర్త లేడు. పెద్దకొడుకు యుద్ధంలో పోయాక, మిగిలిన ఒక్క కొడుకు ఏసానైనా సైన్యంలోకి లాక్కోకుండా వదిలేయమని అర్జీ రాసిపెట్టమంటూ ఆయన గుమ్మం ముందు నిలబడింది. ఊరంతా వేయించిన బెండగింజల కషాయాన్నే కాఫీ అనుకుని తాగుతున్న రోజులవి. ఆయన అసలు కాఫీ చప్పరిస్తూ, "చట్టానికి అమ్మలుండరమ్మా" అన్నారు.

ఏసా వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఇప్పుడు అవే కోర్టు మెట్ల మీద ఉత్తరాది యాంకీ కెప్టెన్ కుర్చీ వేసుకుని విచారణ జరుపుతున్నాడు. సైన్యాధికారి అని తేలితే ఉత్తరాన ఖైదీల శిబిరానికి. మామూలు మనిషైతే ఇంటికి. చలికాలం ముంచుకొస్తోంది. ఆ శిబిరాలకి వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రారు.

"నేను ఉత్త వకీలునండీ" అన్నారు కల్నల్ గారు.

"మరి కల్నల్ అంటున్నారే?"

"అది... ఊరికే అంటారండీ."

కెప్టెన్ జనం వైపు తిరిగాడు. "ఎవరీయన?"

"కల్నల్ టార్ప్లీ గారు" అన్నారందరూ. వెనకనుంచి ఎవరో, "సిగ్గుపడకండి కల్నల్ గారూ" అని ధైర్యం కూడా చెప్పారు.

కెప్టెన్‌కి తెల్లవాళ్ళ మాట మీద నమ్మకం కుదరలేదు. ఆయన ఇంటి నల్లజాతి వంటమనిషి వైనీని పిలిపించాడు. నిన్నటిదాకా ఆమె కల్నల్ గారి ఆస్తి.

"నువ్వేమని పిలిచేదానివి?"

"కల్నల్ దొరగారూ అనేనండి. ఒకసారి మర్చిపోయి ఉత్త దొరగారూ అన్నాను. వీపు చూపించమంటారా?"

"ఇంట్లో యూనిఫాం ఉందా?"

"నేను చూళ్ళేదండి. పొద్దున్నే పొయ్యిలో ఏవో కాల్చారు. బూడిద నేనే ఎత్తాను."

"అవి నా శాసనసభ ఉపన్యాసాలు!" కల్నల్ గారి గొంతు కీచుమంది.

"సొంత ఉపన్యాసాలు కాల్చుకున్న శాసనసభ్యుణ్ణి నేనెక్కడా చూడలేదు" అన్నాడు కెప్టెన్.

కల్నల్ గారు ఆఖరి ఆశగా మహాలా వైపు చూశారు. ఆమె అబద్ధమాడదని చర్చి అంతటికీ తెలుసు.

"నువ్వైనా నిజం చెప్పు తల్లీ."

"చెప్తాను బాబూ." ఆమె కెప్టెన్ ముందుకొచ్చింది. "మా ఏసాని యుద్ధానికి పంపింది ఈ కల్నల్ గారే. బైబిలు తెప్పించండి, ప్రమాణం చేస్తాను."

ఆయన్ని బండెక్కించారు. ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు ఊపారు.

"వెనక్కి చూడకండి కల్నల్ గారూ, మీ వెనక మేమున్నాం" అంది మహాలా.

ఆ చుట్టుపక్కల కోర్టు మెట్లెక్కిన ప్రతి వకీలునీ మర్యాదకి కల్నల్ అనే పిలుస్తారనీ, టార్ప్లీ గారు పుట్టి బుద్ధెరిగాక తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదనీ ఆ పరాయి కెప్టెన్‌కి చెప్పాలని ఊరంతటిలో ఒక్కరికీ తోచలేదు.