తోకకి తగిలే మూతి

ఏటి ఒడ్డున ఇటుక బట్టీలో గాడిదలు వెనకట ఒకదాని వెనక ఒకటి బారుగా నడిచేవి. ముందున్నది ఆగితే వెనకదాని మూతి దాని తోకకి తగిలేది. అలా ఒకదాన్ని చూసి ఒకటి బారంతా ఆగిపోయేది. కాలు జారినదాన్ని లేపుకుని మళ్లీ కదిలేవి. ఆ కాస్త వ్యవధిలోనే ఏట్లో నీళ్లు తాగేవి, కష్టసుఖాలు చెప్పుకునేవి.

యజమానికి ఆ ఆగడం నచ్చలేదు. ఒక్కోదానికి ఒక్కో బాట వేశాడు. ముందు చేరినదానికి గంపెడు తవుడు పెడతానన్నాడు. అబద్ధం ఎందుకు, గాడిదలూ సంబరపడ్డాయి. ఇక పరుగులే పరుగులు. పక్క బాటలో ఎవరున్నారో చూసే తీరిక పోయింది.

ఒకరోజు పొద్దుగూకాక తవుడు దగ్గర గంగులు అనే గాడిద కనిపించలేదు. అన్నీ వెతుక్కుంటూ వెళ్తే, పొద్దుటి బరువు కిందే పడి ఉంది. ఒళ్లు ఎప్పుడో చల్లబడింది.

మర్నాడు ముసలి గాడిద మచ్చమ్మ తన బాట వదిలేసి బట్టీ ముందు నిలబడింది. ఒక్కొక్కటే వచ్చి దాని వెనక చేరాయి. యజమాని కర్ర తీసినా కదల్లేదు.

పాక చూరు మీది కాకి నవ్వింది. "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ రాజకీయాలు? ఎవరు నూరిపోశారు?"

"ఎవరూ నూరిపోయలేదు నాయనా. గంగులు పొద్దున పడితే మాకు సాయంత్రం దాకా తెలియలేదు. వెనకటి రోజుల్లో అయితే నా మూతికే తెలిసేది."

అప్పుడే వెనక నుంచి ఎవరిదో మూతి మచ్చమ్మ తోకకి తగిలింది. ఎన్నేళ్లకో.