చంపిన చేతులు

శవం అవతలి ఒడ్డున ఉంది.

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట ఏటికి ఇటొక పేట, అటొక పేట. రెండూ చేపలు పట్టేవాళ్ళవే. పిల్లల్ని ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళే. ఆ ఏడు అవతలి పేటలో కొత్తగా నైలాను వల దిగింది. అరవై ఎనిమిదిలో నైలాను వలంటే మాటలా! నాలుగు రోజులు తిరక్కుండానే అది తెగింది. ఇవతలివాళ్ళే కోశారన్నారు వాళ్ళు. చేప కొరికిందన్నారు వీళ్ళు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు.

సముద్రం మీద జరిగిన కొట్లాటలో ఇవతలి పేట చినబాబు తెడ్డు విసిరాడు. అది తగిలి అవతలి పేట గంగులు నీళ్ళలో పడ్డాడు. మళ్ళీ తేలలేదు.

గంగులంటే ఎల్లాజీకి ప్రాణం. బావమరిదే గాని, తెడ్డు పట్టడం నేర్పి కొడుకులా పెంచుకున్నాడు. ఎల్లాజీ అవతలి పేటకి కొండంత అండ. కెరటాల మీద తెప్ప నడపడంలో అతనికి సాటి లేరు. మాట పడటం మాత్రం అతనికి చేతకాదు. మర్నాడు చినబాబుని పేరు పెట్టి పిలిచి మరీ కొట్టాడు. ఒక్కటే దెబ్బ. శవాన్ని తన తెప్ప మీదే వేసుకుపోయాడు.

"మా గంగులు ఒడ్డుకొచ్చినదాకా ఈణ్ణి ఒగ్గను" అన్నాడు.

చినబాబు తండ్రి పోతురాజు. తల్లి దానమ్మ. బిడ్డకి ఆఖరి స్నానం చేయించాలని ఆమె వాకిట్లో బిందెడు నీళ్ళు పెట్టుకుని నిన్నటి నుంచీ కూర్చునే ఉంది. పెద్దలు కబురంపారు, లాభం లేకపోయింది. పోలీసులకి చెబితే రెండు పేటల మగాళ్ళూ జైలుకి పోతారు. ఎండ చూస్తే మాడిపోతోంది. శవం ఎంతసేపని ఆగుతుంది?

బడి మేస్టారు జగన్నాధం పలకరించడానికి వచ్చాడు. చావింట్లో ఏం మాట్లాడాలో తెలియక తనకి తెలిసిన కథ ఎత్తుకున్నాడు. చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే అది.

"పూర్వం గ్రీకు దేశంలో ఒక వీరుడుండేవాడు పోతురాజూ. ఆ వీరులంతా ఒకటే తీరు. పేరు కోసం ప్రాణమైనా ఇస్తారు, పంతం మాత్రం వదలరు. ఈ వీరుడి ప్రాణస్నేహితుణ్ణి పగవాళ్ళు చంపారు. చంపినవాణ్ణి ఇతను చంపి, శవాన్ని ఇవ్వనన్నాడు. అప్పుడు ఆ చచ్చినవాడి తండ్రి, పండు ముసలి రాజు, ఒంటరిగా వీరుడి గుడారానికి వెళ్ళి, కొడుకుని చంపిన చేతుల్నే ముద్దు పెట్టుకున్నాడు."

"ఇచ్చినాడా బాబూ?"

"ఇచ్చాడు. ఇద్దరూ కలిసి ఏడ్చారు."

"ఆడెందుకు ఏడిసినాడు? సంపినోడు గదా!"

"ఆ ముసలాయన్ని చూస్తే, ఇంటి దగ్గరున్న తన తండ్రి గుర్తొచ్చాడు."

పోతురాజు కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"ఆణ్ణి ఏటీ అనకు మావా" అంది దానమ్మ. మాట జారితే పని చెడుతుందని కాబోలు.

అవతలి ఒడ్డున తెప్ప దిగితే ఎవరూ అడ్డం రాలేదు. ఆడవాళ్ళు కొంగులు సవరించుకుని పక్కకి తప్పుకున్నారు. ఎల్లాజీ పెళ్ళాం గురమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి, ముఖం కొంగులో దాచుకుని లోపలికి పోయింది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి.

తాటాకు పాక నీడలో చినబాబు. పక్కనే ఎల్లాజీ. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తిండి తిన్న ముఖం కాదు.

"ఏటికొచ్చినావు?"

"పిల్లోణ్ణి ఒట్టుకెల్దారని."

"కాళ్ళట్టుకో! అట్టుకుంటే ఇస్తాడు" అని ఎవడో అరిచాడు.

పోతురాజు కాళ్ళు పట్టుకోలేదు. పెద్దవాడు కాళ్ళ మీద పడితే చిన్నవాడికి ఆయుష్షు తగ్గుతుందంటారు. కొడుకుని చంపినవాడి ఆయుష్షు ఎంతయితే ఈయనకేం? అయినా పట్టుకోలేదు.

"పీనుగ కాడ కూడా పొగరు సూడు" అన్నాడా అరిచినవాడే.

పోతురాజు ఇసుకలో కూలబడ్డాడు. ఎల్లాజీవి రెండు చేతులూ అందుకున్నాడు. తెడ్డు పట్టి కాయలు కాసిన చేతులు. వాటిని పెదాలకి ఆనించుకున్నాడు.

"నా సెయ్యొగ్గు" అన్నాడు ఎల్లాజీ.

"ఒగ్గను."

కోపాన కోసుకున్న ముక్కు శాంతంలో అంటుకోదు. ఆ సంగతి ఎల్లాజీకి అప్పటికి తెలిసింది. అంత మనిషీ ఇసుకలో పడి భోరుమన్నాడు. ముసలాయన ఏడుపు ఏదో, అతని ఏడుపు ఏదో చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియలేదు. గంగులు కోసం ఏడ్చేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

మేస్టారు చెప్పినట్టే జరిగింది. ఎల్లాజీ తనే శవాన్ని రెండు చేతుల మీదా ఎత్తుకెళ్ళి తెప్ప మీద పడుకోబెట్టాడు. తన తలపాగా విప్పి కప్పాడు. తెప్పని నీళ్ళలోకి తోసి, మొలలోతులో తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎల్లిపో. నా మొకం సూడకు."

పోతురాజు గెడ నీళ్ళలోకి దించి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఇల్లరికమెల్లినా నువ్వు మా పెద్దకొడుకువే గదరా ఎల్లాజీ, పొద్దుగూకకముందే వచ్చి నీ తమ్ముడి గోతిలో తొలి గుప్పెడు మన్ను నువ్వే ఎయ్యాల."